రెండు వరుసల్లో మాయాబందర్

అండమాన్‌లోని మాయాబందర్‌లో గది కావాలని ఎవరైనా గూగుల్‌లో వెతికారనుకోండి. ఒక్కో లాడ్జి గురించి వాళ్లకు కనపడేది మూడు నాలుగు వరుసలే. పైన కాస్త పెద్ద అక్షరాల్లో, నీలం రంగులో ఉండేది శీర్షిక. దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే రెండు మూడు వరుసలు వివరణ. లోపల పేజీలో ఎన్ని ఫొటోలు పెట్టినా, ఎంత బాగా రాసినా, దాన్ని నొక్కాలా, కిందిదానికి పోవాలా అన్నది ఆ కాసిని మాటలు చదివే తేల్చుకుంటారు. ఇంత ముఖ్యమైన చోట ఏం రాయాలో ఆలోచించేవాళ్లు మాత్రం చాలా తక్కువ. చిన్న ఊళ్లలో మరీ తక్కువ.

ఇక్కడి బజారులో నాకు డీటీపీ, జిరాక్స్ షాపుంది. పెళ్లి కార్డులు, దరఖాస్తులు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులతో పాటు లాడ్జిలకూ బోటు యజమానులకూ వెబ్ పేజీలు రాసిపెడుతుంటాను. మా అమ్మానాన్నలు శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేటకొచ్చి ఇక్కడే ఉండిపోయారు. అలా వచ్చిన కుటుంబాలు ఈ దీవుల్లో వేలల్లో ఉన్నాయి. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత మనదే. అందుకే నేను రాసే ప్రతి పేజీకి తెలుగులోనూ ఒకటి రాస్తాను. విశాఖ నుంచి వచ్చేవాళ్లు తెలుగులోనే వెతుకుతారు, మాట్లాడేవాళ్లు దొరికితే సంతోషిస్తారు.

ఒక లాడ్జి ఆయన ఫోన్ పట్టుకుని షాపుకొచ్చాడు. "మన లాడ్జి పేరు కొడితే 'హోమ్' అని వస్తందేటమ్మా? ఎవరి హోము, ఏటి హోము?" అని అడిగాడు. నిజమే. సైటు చేసినవాళ్లు శీర్షిక దగ్గర 'హోమ్' అన్న మాట అలాగే వదిలేశారు. వివరణ రాయనేలేదు. గూగుల్ పేజీ అంతా వెతుక్కుని, అడుగున ఉన్న కాపీరైటు ముక్కా, 'ఇక్కడ నొక్కండి' అన్న ముక్కా తెచ్చి కింద పెట్టింది. ఆయన లాడ్జిలో దుప్పట్లు రోజూ ఉతుకుతారు. జెట్టీలో దిగితే నడిచి పోవచ్చు. ముందు చెబితే మధ్యాహ్నానికి చేపల పులుసు పెడతారు. వీటిలో ఒక్కటి కూడా ఆ వరుసల్లో లేదు.

మనం రాయకపోతే ఆ చోటు ఖాళీగా ఉండదు, ఇంకొకరు నింపుతారు. దానికి పెద్ద ఉదాహరణ కూడా ఆ లాడ్జిదే. ఒక బుకింగ్ సైటు ఆ లాడ్జిని తన జాబితాలో చేర్చుకుని, శీర్షికలో 'పోర్ట్ బ్లెయిర్ సమీపంలో' అని పెట్టింది. విశాఖ నుంచి ఒక కుటుంబం అది చూసి డబ్బు కట్టేసి, పోర్ట్ బ్లెయిర్ విమానాశ్రయంలో దిగి, ఆటోకు ఎంత అవుతుందని ఫోన్ చేసింది. పోర్ట్ బ్లెయిర్ నుంచి మాయాబందర్‌కు రోడ్డున సుమారు 240 కిలోమీటర్లు. నడుమ జరవా రిజర్వు, అంటే జరవా అనే ఆదిమ తెగ కోసం కేటాయించిన అడవి. అందులోకి వాహనాలను గుంపుగా, వేళ ప్రకారమే వదులుతారు. మిడిల్ స్ట్రెయిట్ దగ్గర బస్సూ కారూ పంటెక్కి నీళ్లు దాటాలి. పొద్దున బయల్దేరితే సాయంత్రానికి చేరే దారి అది. ఆ కుటుంబం ఆ రాత్రికి పోర్ట్ బ్లెయిర్‌లోనే మరో గదికి డబ్బు కట్టుకుంది. తప్పుడు మాట రాసింది ఎవరో, కోపం పడింది మాత్రం లాడ్జి ఆయన మీద.

ఇప్పుడు ఆ లాడ్జి శీర్షిక 'మాయాబందర్ జెట్టీ దగ్గర గదులు, భోజనం' అని మొదలై, లాడ్జి పేరుతో ముగుస్తుంది. ఊరు ముందు, దొరికేది తర్వాత, పేరు చివర. పేరు ముందు పెట్టమని చాలామంది పట్టుబడతారు. ఆ పేరు ముందే తెలిసినవాళ్లయితే నేరుగా ఫోనే చేస్తారు. వెతికేవాళ్లు తెలియనివాళ్లు. వాళ్లకు తెలిసింది ఊరి పేరు, తమకేం కావాలన్నది. స్క్రీను మీద చోటు చాలక కోత పడితే పడేది కుడివైపే కాబట్టి, తెలియనివాళ్లకు పనికొచ్చేది ఎడమవైపు ఉండాలి.

అసలు గూగుల్ ఈ శీర్షికను ఎక్కడ్నుంచి తెస్తుందో కొంచెం చెప్పాలి. ప్రతి వెబ్ పేజీకి కోడులో 'టైటిల్' అని ఒక గడి ఉంటుంది. మామూలుగా అందులో రాసిందే చూపిస్తుంది. కానీ తప్పనిసరిగా అదే చూపించాలన్న నియమం లేదు. గడి ఖాళీగా ఉన్నా, అన్ని పేజీలకూ ఒకే మాట అంటించినా, లోపలి విషయానికీ శీర్షికకూ పొంతన లేకపోయినా, పాత సంవత్సరం అలాగే వేలాడుతున్నా, పేజీలో కనిపించే పెద్ద అక్షరాల హెడ్డింగు నుంచో, ఇతరులు ఇచ్చిన లింకుల మాటల నుంచో మరో శీర్షిక తయారు చేసుకుంటుంది. 2021 ఆగస్టులో ఈ పద్ధతిని పెద్ద ఎత్తున మార్చినప్పుడు ప్రపంచమంతా సైట్ల యజమానులు గగ్గోలు పెట్టారు. మరుసటి నెలలో గూగుల్ చెప్పిన లెక్క ప్రకారం, సైటువాళ్లు రాసిన శీర్షికనే వాడేది 87 శాతం సందర్భాల్లో. అంటే శ్రద్ధగా రాస్తే మన మాటే నిలిచే అవకాశం ఎక్కువ.

తెలుగువాళ్లకు ఇంతకంటే ముఖ్యమైన మార్పు 2022 జూన్‌లో వచ్చింది. పేజీ అంతా ఒక లిపిలో ఉండి, శీర్షిక మరో లిపిలో ఉంటే, పేజీ ఏ లిపిలో ఉందో ఆ లిపిలోనే శీర్షిక చూపించే ప్రయత్నం చేస్తామని గూగుల్ ప్రకటించింది. లోపల చక్కటి తెలుగు రాసి, పైన మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పెట్టే అలవాటు మనవాళ్లలో బాగా ఉంది. జనం ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేస్తారు కదా అని దానికి సమాధానం. టైపు చేసే మాట నిజమే. అందుకని శీర్షికను ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చేసుకోనక్కర్లేదు. తెలుగు పేజీకి తెలుగు శీర్షిక పెట్టండి. ఇంగ్లీషువాళ్ల కోసం విడిగా ఇంగ్లీషు పేజీ పెట్టి, దానికి ఇంగ్లీషు శీర్షిక ఇవ్వండి. రెండు భాషలను ఒకే వరుసలో కుక్కితే రెండూ సగం సగమే కనపడతాయి.

ఒకప్పుడు ఈ గొడవ కూడా లేదు, ఎందుకంటే తెలుగు అసలు దొరికేదే కాదు. పెద్ద తెలుగు పత్రికల సైట్లు చాలాకాలం తమ సొంత ఫాంట్లతో నడిచాయి. తెర మీద తెలుగులా కనపడినా, లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. సెర్చ్ ఇంజను వాటిని చదివితే అర్థం లేని అక్షరాల కుప్ప. ఆ రాతను అన్ని లిపులకూ ఒకే సంకేత పద్ధతైన యూనికోడ్‌లోకి మార్చి చూపించడానికి 'పద్మ' అనే ఉపకరణం వచ్చింది, యూనికోడ్‌లో సులువుగా టైపు చేయడానికి 'లేఖిని' వచ్చింది. ఇవాళ మనం తెలుగులో వెతికి తెలుగులో చదవగలుగుతున్నామంటే అలా శ్రమపడ్డవాళ్ల పుణ్యమే. ఆ శ్రమ మీద నిలబడి 'హోమ్' అని రాసి వదిలేయడం నాకు బాధగా ఉంటుంది.

ఇక పొడవు సంగతి. శీర్షికకు అరవై అక్షరాలు, వివరణకు నూట అరవై అని ఇంగ్లీషు పాఠాల్లో చెబుతారు. గూగుల్ అలాంటి అంకె ఏదీ పెట్టలేదు. స్క్రీను వెడల్పులో ఎంత పడితే అంత చూపించి, మిగతా చోట చుక్కలు పెడుతుంది. అందులోనూ ఇంగ్లీషు లెక్క మన లిపికి పనికిరాదు. కంప్యూటరు లెక్కలో 'స్త్రీ' అనే ఒక్క అక్షరం ఆరు గుర్తులు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. 'మాయాబందర్' మనం చదివితే అయిదు, కంప్యూటరు లెక్కిస్తే తొమ్మిది. శీర్షిక పొడవైపోయిందని ఎర్ర చుక్క చూపించే ఉపకరణాలు ఈ గుర్తులనే లెక్కపెడతాయి. ఒత్తులేమో ఎక్కువగా కిందికి దిగుతాయి గనుక అడ్డంగా అంత చోటు తీసుకోవు. కాబట్టి ఆ ఎర్ర చుక్కను చూసి మంచి మాటను నరికేయకండి. తక్కువ ధర ఫోన్ ఒకటి పట్టుకుని, దాని మీద ఎలా పడుతుందో చూసుకోవడమే సరైన కొలత. నా షాపులో వాడేది అదే పద్ధతి.

పేజీ చిరునామాలో తెలుగు పెట్టేవాళ్లు ఇంకొకటి గమనించాలి. లింకును కాపీ చేసి పంపినప్పుడు తెలుగు గుర్తు ఒక్కోటీ శాతం గుర్తులూ అంకెలూ కలిసిన తొమ్మిది అక్షరాలుగా మారిపోతుంది. మా ఊరి పేరు ఒక్కటే ఎనభై ఒక్క అక్షరాల తోక. పనిచేయడానికి పనిచేస్తుంది గానీ, వాట్సాప్‌లో చూసినవాళ్లు ఇదేదో వైరస్ అనుకుని వదిలేస్తారు. నేను చిరునామా వరకు పొట్టి ఇంగ్లీషు మాటలు పెట్టి, శీర్షికనూ వివరణనూ తెలుగులో ఉంచుతాను.

పేర్ల విషయంలో ఈ దీవులంత చిక్కు మరెక్కడా చూడలేదు. రాస్ ఐలాండ్ అని వెతికితే రెండు వస్తాయి. పోర్ట్ బ్లెయిర్ ఎదురుగా, పాడుబడిన బ్రిటిష్ కట్టడాలున్న రాస్ ఒకటి. మాకు ఉత్తరాన దిగ్లీపూర్ దగ్గర, ఆటు వేళ ఇసుక దారి తేలి స్మిత్ దీవితో కలిసిపోయే రాస్ ఇంకొకటి. మొదటిదానికి 2018 డిసెంబరులో నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం అని పేరు పెట్టారు. హేవ్‌లాక్ అప్పుడే స్వరాజ్ ద్వీప్ అయింది. పోర్ట్ బ్లెయిర్‌ను శ్రీ విజయపురం చేస్తున్నట్టు 2024 సెప్టెంబరులో ప్రకటించారు. ప్రభుత్వ కాగితాల్లో కొత్త పేరు, జనం నోట పాత పేరు. మా ఊరి పేరునే ఇంగ్లీషులో 'బ' తర్వాత యూ పెట్టి రాసేవాళ్లున్నారు, ఏ పెట్టి రాసేవాళ్లున్నారు.

నేను పాటించే పద్ధతి ఇది. జనం ఇప్పుడు ఏ పేరుతో వెతుకుతున్నారో అది శీర్షికలో, రెండో పేరు వివరణలో. ఒకే పేరు రెండు చోట్ల ఉంటే పక్కనే దగ్గరి ఊరు: 'దిగ్లీపూర్ దగ్గరి రాస్, స్మిత్ దీవులు'. రాంనగర్ బీచ్ గురించి రాసినా దిగ్లీపూర్ మాట తప్పనిసరి. రాంనగర్ కాశీ పక్కన ఒకటి ఉంది, ఉత్తరాఖండ్‌లో ఇంకొకటి ఉంది. ఒకే పేరున్న ఊళ్ల చిక్కును తెలుగు వికీపీడియావాళ్లు ఎప్పుడో పట్టించుకున్నారు. 2003 డిసెంబరులో మొదలైన ఆ విజ్ఞాన సర్వస్వంలో ఊళ్ల పేజీలు వేలకొద్దీ ఉన్నాయి. రామాపురం పేరుతో ఎన్ని ఊళ్లుంటాయో మీకు తెలుసు. అందుకే అక్కడ ఊరి పేరు పక్కన మండలం పేరు చేరుస్తారు. అన్నిటినీ ఒకచోట చూపే పేజీని అయోమయ నివృత్తి పేజీ అంటారు. మీ హోటలుకో బడికో గుడికో శీర్షిక రాసేటప్పుడు వాళ్ల అలవాటు తెచ్చుకోండి. 'శ్రీ వేంకటేశ్వర స్వామి దేవస్థానం' అని ఊరుకుంటే ఏ ఊరి స్వామో తెలియదు.

వివరణ దగ్గర మన భాష స్వభావం గుర్తుపెట్టుకోవాలి. తెలుగులో క్రియ చివర వస్తుంది. ఔననడం, కాదనడం కూడా చివరే. ఒక బోటు యజమాని పేజీకి వివరణ ఇలా ఉండేది: 'వానాకాలంలో సముద్రం ఉధృతంగా ఉన్న రోజుల్లో మాయాబందర్ జెట్టీ నుంచి ఏవిస్ దీవికి పర్యాటకులను తీసుకువెళ్లే మా బోట్లు…' అక్కడితో చుక్కలు. నడుపుతారా? నడపరా? ప్రాణాలకు సంబంధించిన సమాధానం చుక్కల వెనక ఉండిపోయింది. దాన్ని ఇలా విడగొట్టాను: 'గాలి ఎక్కువుంటే బోటు తీయం. మిగతా రోజుల్లో మాయాబందర్ జెట్టీ నుంచి ఏవిస్ దీవికి ఉదయం బయల్దేరతాం, చీకటి పడేలోపు వెనక్కి. అటవీ శాఖ అనుమతి తప్పనిసరి.' ఎక్కడ కోత పడినా అప్పటికి కనీసం ఒక పూర్తి మాట చదివేసి ఉంటారు. చీకటి మాట ఊరికే రాయలేదు. డిసెంబరులో మాకు సాయంత్రం అయిదు కాకముందే పొద్దు గుంకుతుంది. హైదరాబాదు వేళలు మనసులో పెట్టుకుని వచ్చేవాళ్లు సాయంత్రం అయిదింటికి బోటెక్కుదామని దిగుతారు.

వివరణ బాగా రాస్తే గూగుల్‌లో పైకి వస్తామా అని అందరూ అడుగుతారు. రాము. వరుస నిర్ణయించడానికి వివరణను వాడబోమని గూగుల్ 2009లోనే చెప్పింది. 'కీవర్డ్స్' అనే గడిని కూడా పట్టించుకోమని అదే ప్రకటనలో చెప్పింది. ఇప్పటికీ ఆ గడిలో ముప్పై మాటలు నింపి దానికి విడిగా డబ్బు తీసుకునేవాళ్లున్నారు, ఇవ్వకండి. వివరణ చేసే పని వేరు. మీ వరుస దాకా వచ్చిన మనిషికి ఇది నాకు పనికొస్తుందా అన్నది చెబుతుంది. పనికిరానివాళ్లు నొక్కకుండా వెళ్లిపోవడం కూడా మేలే. 240 కిలోమీటర్లని ముందే రాసుంటే ఆ విశాఖ కుటుంబానికి ఒక రోజు మిగిలేది.

మనం రాసిన వివరణను గూగుల్ ప్రతిసారీ చూపించదు. వెతికిన మాటను బట్టి పేజీలో సరిపోయే వాక్యాన్ని తీసి చూపిస్తుంది. మా దగ్గరి కర్మాతాంగ్ బీచ్‌కు తాబేళ్లు ఎప్పుడొస్తాయి అని అడిగినవాళ్లకు, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా గుడ్లు పెట్టే కాలమని లోపల ఎక్కడో రాసుంటే ఆ వాక్యమే పైకి వస్తుంది. కనుక లోపలి వాక్యాలు కూడా విడిగా తీసి చూపినా అర్థమయ్యేలా ఉండాలి. 'అక్కడికి అప్పుడే వెళ్లాలి' అని రాస్తే ఎక్కడికి, ఎప్పుడు? వెబీ గురించి రాసేటప్పుడు 'బర్మా నుంచి 1925లో వచ్చిన కరెన్‌ల ఊరు వెబీ' అని ఒకే వాక్యంలో ఊరూ మనుషులూ కాలమూ పెడతాను. చూపించకూడదనుకున్న ముక్క పేజీలో ఉంటే, దాన్ని ఫలితాల్లో వాడవద్దని కోడులో గుర్తు పెట్టే వీలుంది. సైటు చేసినవాళ్లను అడగండి.

ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను. కొందరు ట్రావెల్స్ వాళ్లు శీర్షికలో 'జరవాలను చూడండి' అని పెట్టమంటారు. జనం ఆ పేరుతో వెతుకుతారని వాళ్ల లెక్క. జరవా రిజర్వు గుండా పోయే రోడ్డు మీద ఆగడం, జరవాల ఫొటో తీయడం నేరం. ఆదిమ తెగల రక్షణకు 1956 నుంచి నిబంధన ఉంది. పర్యాటకులు వాళ్లను వింత జంతువుల్లా చూడబోవడం మీద 2012లో దేశమంతా రచ్చ అయింది. మనుషులను చూడదగ్గ వస్తువులుగా పెట్టే శీర్షిక ఎంతమంది నొక్కినా తప్పే. అలాంటి పని వస్తే డబ్బు తిప్పిచ్చి పంపేస్తాను. రోడ్డు ప్రయాణం పేజీలో మాత్రం, 'జరవా రిజర్వులో వాహనం ఆపరాదు, ఫొటోలు తీయరాదు' అని వివరణలోనే రాస్తాను. అది పైన కనపడాల్సిన మాటే.

వేళలూ ధరలూ శీర్షికలో పెట్టవద్దనే చెబుతాను. జరవా రిజర్వులోకి వాహనాలు వదిలే వేళ మారుతుంది, ఓడ వేళ మారుతుంది, గది అద్దె సీజనుకో తీరు. శీర్షికలో పాత అంకె ఉండిపోతే చదివినవాళ్లు మోసమనుకుంటారు. మారనివి శీర్షికలో, మారేవి పేజీ లోపల, పక్కనే ఏ తేదీన సరిచూశారో.

ఇక మా నెట్ సంగతి. ఈ దీవులకు చెన్నై నుంచి సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ వేసి, 2020 ఆగస్టు 10న ప్రారంభించారు. మా పక్క రంగత్‌కు కూడా దాని కొస వచ్చింది. అంతకుముందు ఉపగ్రహం మీద నడిచిన నెట్‌తో ఒక ఫొటో తెరుచుకోవడమే గండం. అక్షరాలు మాత్రం వచ్చేవి. ఇప్పటికీ పోర్ట్ బ్లెయిర్ నుంచి వచ్చే ట్రంక్ రోడ్డులో సిగ్నల్ లేని చోట్లు చాలా ఉన్నాయి. బస్సులో కూర్చుని ఒక గీత సిగ్నల్‌తో వెతికే మనిషికి అందేది మీరు రాసిన ఆ రెండు మూడు వరుసలే, ఫొటోలు కావు. వాట్సాప్‌లో లింకు పంపితే కనపడే చిన్న పెట్టెకు కూడా శీర్షిక, వివరణ విడిగా రాయవచ్చు. మన బంధువులు గూగుల్ కంటే వాట్సాప్ మీదే ఎక్కువ పంచుకుంటారు కాబట్టి దాన్ని ఖాళీగా వదలకండి.

మీ ఊళ్లో మీకో హోటలో, నర్సరీయో, సంగీతం బడో ఉండి, దానికో వెబ్ పేజీ ఉంటే, ఇవాళ మీ ఫోన్‌లో కాకుండా ఇంకొకరి ఫోన్‌లో వెతికి చూడండి. మీ పేరుతో కాదు, మీరెవరో తెలియని మనిషి ఏ మాటలతో వెతుకుతాడో ఆ మాటలతో. వచ్చిన వరుసల్లో మీ ఊరు ఉందా, మీ దగ్గర దొరికేది ఉందా, రాసింది నిజమేనా చూడండి. లేకపోతే సైటు చేసినవాళ్లకు ఫోన్ చేసి మార్పించండి. మార్చడం పెద్ద పని కాదు. మార్చాక గూగుల్‌వాళ్ల సెర్చ్ కన్సోల్‌లో ఆ పేజీని మళ్లీ చదవమని అడగవచ్చు, అది ఉచితం. గూగుల్ మళ్లీ వచ్చి చదివేదాకా పాత వరుసలే కనపడతాయి. అందుకు కొన్ని రోజులు పట్టవచ్చు, కొన్ని వారాలూ పట్టవచ్చు. సీజను మొదలవక ముందే మార్పించుకోండి.